ఇంజను జవాబైతే ప్రశ్న ఎవరిది?

మన పాఠ్యపుస్తకాల్లో సైడ్ వాల్వు ఇంజనుకు దక్కేది అర పేజీ. ఒక బొమ్మ, దాని కింద దోషాల జాబితా. దహనపు గది ఆకారం బాగుండదు, కంప్రెషన్ నిష్పత్తి ఎక్కువ పెంచడానికి వీలుపడదు, ఎగ్జాస్టు వాల్వు వైపు సిలిండరు అతిగా వేడెక్కి ఆకారం చెడుతుంది, అంచేత ఇది కాలం చెల్లిన ఇంజను అని ముక్తాయింపు. పరీక్షలో ఇవే రాస్తాం. నేనూ రాశాను, నా పక్కవాడూ రాశాడు, ఇద్దరికీ మార్కులొచ్చాయి. పుస్తకం అబద్ధం చెప్పిందని నేననడం లేదు. అందులో ప్రతి ముక్కా నిజమే. కాని ఆ కాలం చెల్లిన ఇంజనునే అమెరికాలో హార్లీ-డేవిడ్‌సన్ కంపెనీ 1929లో మొదలుపెట్టి, చివరికి సర్వీకార్ అనే మూడు చక్రాల బండిలో 1973 దాకా అమ్మింది. అక్షరాలా నలభై నాలుగేళ్లు! మనిషి చంద్రుడి మీద కాలుపెట్టి తిరిగొచ్చిన నాలుగేళ్ల తరువాత కూడా అమెరికా పోలీసులు ఆ ఇంజను మీద కూచుని వీధుల్లో కార్ల పార్కింగు అజమాయిషీ చేసేవారు. పుస్తకమూ నిజమే, బండీ నిజమే. ఈ రెండు నిజాలకీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? ఈ వ్యాసానికి పని అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచే ఓపిక నాకు లేదు, చదివే మీకూ వుండకపోవచ్చు. ఇంజను అనేది ఒక జవాబు. రోడ్డు ఎలాంటిది, దొరికే పెట్రోలు ఏపాటిది, చెడిపోతే బాగుచేసేవాడెవడు, కొనేవాడి జేబులో ఎంతుంది, ఇవీ ప్రశ్నలు. ప్రశ్నపత్రం చూడకుండా జవాబుకు మార్కులు వేసే మాస్టారిని మనం ఒప్పుకుంటామా? ఇంజన్ల విషయంలో మాత్రం రోజూ ఒప్పుకుంటున్నాం. అమెరికా మోటారు సైకిళ్ల కథ ఈ సంగతిని చాలా బాహాటంగా చెబుతుంది. అందుకే దాన్ని ఎత్తుకున్నాను గాని, అక్కడి బళ్ల మీద మోజుతో కాదు. మోజు బొత్తిగా లేదని మాత్రం అనను.

సైకిలు చట్రంలో పుట్టిన బిడ్డ

1901లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డు వూళ్లో జార్జి హెండీ అనే సైకిళ్ల వ్యాపారి, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అనే పనిమంతుడు కలిసి "ఇండియన్" మోటారు సైకిలు మొదలుపెట్టారు. రెండేళ్లకు, 1903లో, విస్కాన్సిన్ రాష్ట్రపు మిల్వాకీలో విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు కుర్రాళ్లు తమ బండి తయారుచేశారు. ఆర్థర్ అన్నదమ్ములు వాల్టర్, విలియం తరువాత చేయి కలిపారు. ఇక్కడ మనలాంటివాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ హార్లీ కంపెనీ మొదలుపెట్టాకనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు. ముందు ఇంజను, తరువాత పట్టా. మనకు పట్టా ముందొస్తుంది, ఇంజను ఎప్పుడొస్తుందో ఆ భగవంతుడికే ఎరుక.

వీళ్ల తొలి ఇంజన్లకు ఒరవడి ఫ్రాన్సు దేశపు డి డియాన్-బూటన్ ఇంజను. ఒక్కటే సిలిండరు. లోపలికి గాలీ పెట్రోలూ తీసుకునే ఇన్లెట్ వాల్వుకు ఏ యంత్రాంగమూ వుండేది కాదు. పిస్టను కిందికి దిగితే ఆ పీల్పుకే బలహీనమైన స్ప్రింగు లొంగి వాల్వు తెరుచుకునేది, పీల్పు ఆగితే మూసుకునేది. నెమ్మదిగా నడిచినంతసేపు బాగానే వుండేది. వేగం పెరిగితే తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ టైము చాలేది కాదు.

బలం ఇంకా కావాలన్నారు జనం. ఒక్క సిలిండరునే పెద్దది చేస్తే బండి వణికి చస్తుంది. రెండు సిలిండర్లు పక్కపక్కన పెడితే ఇంజను వెడల్పవుతుంది, కొత్త క్రాంక్‌కేసు పోత పోయాలి. సైకిలు చట్రం మధ్య వుండేది మూడు మూలల ఖాళీ. అందులో పాత క్రాంక్‌కేసు మీదే ముందుకొకటి, వెనక్కొకటి వాలేటట్టు రెండు సిలిండర్లు నిలబెడితే? అదీ వి-ట్విన్ కథ. వెడల్పు పెరగదు, పాత సామాను చాలామటుకు పనికొస్తుంది, బలం రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. ఇండియన్ వాళ్లు 1906లో పందేలకు తయారుచేసి 1907లో అమ్మకానికి పెట్టారు. హార్లీ వాళ్లు 1909లో దింపిన వి-ట్విన్, పైన చెప్పిన పీల్పు వాల్వుల వల్లే సరిగ్గా నడవక వెనక్కి పోయింది. వాల్వును యంత్రంతో తెరిచే ఏర్పాటు చేసుకుని 1911లో మళ్లీ వచ్చింది. ఆ వచ్చిన ఆకారం ఇప్పటికీ పోలేదు.

రెండు సిలిండర్ల మధ్య కోణం హార్లీలో 45 డిగ్రీలు, ఇండియన్‌లో 42. డైనమిక్స్ క్లాసులో నిద్రపోనివాళ్లకు ఇక్కడ సందేహం రావాలి. ఒకే క్రాంక్‌పిన్ను మీద రెండు పిస్టన్లున్నప్పుడు కోణం 90 డిగ్రీలైతే ప్రైమరీ బలాలను ఎదురు బరువుతో పూర్తిగా సరితూచవచ్చు. 45 దగ్గర అది కుదరదు, వణుకు మిగిలిపోతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఎందుకు ఒప్పుకున్నారు? 90 డిగ్రీల ఇంజను పొడుగు ఎక్కువ. చట్రంలో పట్టదు, పట్టించాలంటే చక్రాల మధ్య దూరం పెంచాలి. లెక్క 90 అడిగింది, చట్రం 45 అడిగింది, చట్రమే నెగ్గింది.

దాంతోపాటు ఆ శబ్దమూ వచ్చింది. హార్లీలో ఒక కనెక్టింగ్ రాడ్డు కింది కొస చీలి పంగలకర్రలా వుంటుంది, రెండోది ఆ పంగ మధ్యలో ఇముడుతుంది. రెండూ ఒకే పిన్నును పట్టుకుని తిరుగుతాయి. అంచేత రెండు సిలిండర్లూ సమానమైన ఎడంతో పేలవు. ఒకటి పేలాక 315 డిగ్రీలకు రెండోది, మళ్లీ మొదటిది పేలడానికి 405 డిగ్రీలు. వెరసి 720, అంటే రెండు చుట్లు. ఒక ఎడం పొట్టి, ఒక ఎడం పొడుగు. కుంటి గుర్రం నడిచినట్టు ఆగి ఆగి వినిపించే ఆ డుగ్గు డుగ్గు చప్పుడును ఎవడూ కూర్చుని స్వరపరచలేదు. ఇరుకు చట్రంలో రెండు సిలిండర్లు ఇరికించినందుకు దొరికిన కొసరు అది.

రోడ్డు, పెట్రోలు, పానా

ఇక మన సైడ్ వాల్వు దగ్గరికి వద్దాం. ఆనాటి అమెరికా అంటే ఈనాటి సినిమాల్లో కనిపించే ఆరు వరసల రహదారి కాదు. వూరు దాటితే మట్టిరోడ్డు, వూరికీ వూరికీ మధ్య ఎంతో దూరం. పెట్రోలు నాసిరకం, కంప్రెషన్ పెంచితే ఇంజను నాకింగుతో కొట్టుకుంటుంది. మెకానిక్కు అంటే వూరి కమ్మరి, లేదా బండి కొన్న రైతే. ఈ ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని చూడండి. సైడ్ వాల్వు ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కనే కింద నిలబడి వుంటాయి. పైన వున్నది వట్టి మూత. బోల్టులు విప్పి మూత ఎత్తితే పిస్టను తల, వాల్వులు, పేరుకున్న మసి అన్నీ కళ్లముందుంటాయి. గీకి, గాస్కెట్టు మార్చి, మూత పెట్టి బిగిస్తే సరి. తక్కువ కంప్రెషన్‌కు నాసి పెట్రోలైనా చాలు. వాల్వు విరిగినా సిలిండరు లోపల పడి పిస్టనును ముక్కలు చెయ్యదు. పుస్తకంలో రాసిన దోషాలు ఎక్కడికీ పోలేదు. కాని ఆ రోడ్డు మీద అవి దోషాలుగా బయటపడే అవసరమే రాలేదు.

ఈ బాణీని ఒక మెట్టు పైకి తీసుకెళ్లినవాడు చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐర్లండు ఇంజనీరు. 1911లో ఐల్ ఆఫ్ మాన్ టి.టి. పందెంలో ఇండియన్ బళ్లు మొదటి మూడు స్థానాలూ కొట్టేస్తే, వాటిలో రెండో స్థానం ఇతనిదే. పందెం బండి నడిపినవాడే తరువాత స్ప్రింగ్‌ఫీల్డు వెళ్లి 1920లో స్కౌట్, 1922లో చీఫ్ గీశాడు. స్కౌట్ 600 సి.సి.ల సైడ్ వాల్వు వి-ట్విన్. ఇంజను నుంచి గేర్‌బాక్సుకు గొలుసు బదులు ఆయిల్లో మునిగి తిరిగే పళ్ల చక్రాలు పెట్టాడు, తెగే బాధ లేదు, బిగించే బాధ లేదు. న్యూజిలాండ్‌లో బర్ట్ మన్రో అనే ఆయన ఇలాంటి 1920 నాటి స్కౌట్ ఒకటి కొని, దానితో నలభై ఏళ్లకు పైగా కాపురం చేశాడు. పిస్టన్లు తనే పోత పోసుకున్నాడు, సైడ్ వాల్వులు తీసి ఓవర్‌హెడ్ వాల్వులు పెట్టుకున్నాడు. 1967లో అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానంలో గంటకు 180 మైళ్లు దాటించి రికార్డు కొట్టాడు. అప్పటికి ఆయన వయసు 68, బండి వయసు 47. ఆ బండి అంత గొప్పదని కాదు నేను చెప్పడం. ఒక మనిషి తన షెడ్డులో కూచుని ఆమూలాగ్రం అర్థం చేసుకోగలిగేటట్టు వుంది, అదీ సంగతి.

హార్లీ వారి 45 ఘనపు అంగుళాల సైడ్ వాల్వు ఇంజను, అంటే సుమారు 740 సి.సి., కూడా ఇదే కోవలోది. బోరు సుమారు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు సుమారు 97. పొడుగు స్ట్రోకు, తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు. బలం పాతిక అశ్వశక్తికి లోపే. కాని రెండో ప్రపంచ యుద్ధంలో దీన్నే డబ్ల్యు.ఎల్.ఎ. అనే పేరుతో సైన్యం కోసం, కెనడాకిచ్చిన వాటితో కలిపి, 90 వేల దాకా చేశారు. యుద్ధరంగంలో ఇంజను ఎంత బలమైనదని ఎవరూ అడగరు, ఎంత త్వరగా మళ్లీ లేస్తుందని అడుగుతారు.

అన్నీ తెలివితేటల వల్లే జరిగాయని చెబితే అది భజన అవుతుంది. డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1925లో ఫోర్డు టి మోడల్ రనబౌట్ కారు ధర 260 డాలర్లు. ఆ ధరకు కారు దొరుకుతుంటే సంసారి ఎవడు మోటారు సైకిలు కొంటాడు? కంపెనీలు ఒకటొకటే మూతపడ్డాయి. నాలుగు సిలిండర్లు వరసగా పేర్చిన హెండర్సన్ లాంటి మెత్తని, చప్పుడు తక్కువ బండి కూడా బతకలేదు. దాన్ని కొనుక్కున్న ష్విన్ కంపెనీ 1931లో మోటారు సైకిళ్లకు స్వస్తి చెప్పేసింది. ఆర్థిక మాంద్యంలో పెద్ద కంపెనీలు రెండే మిగిలాయి, హార్లీ, ఇండియన్. చేతిలో డబ్బు లేనివాడు పాతదాన్నే సానపడతాడు. సైడ్ వాల్వు దీర్ఘాయువులో ఈ పేదరికానికీ వాటా వుంది.

జనం పెట్టిన పేర్లు

1936లో హార్లీ సాహసం చేసింది. మాంద్యం ఇంకా తగ్గకుండానే 61 ఘనపు అంగుళాల, అంటే 1000 సి.సి.ల, ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను దింపింది. సుమారు 40 అశ్వశక్తి. ఆయిలును ఒకసారి వాడి తగలేసే పాత పద్ధతి పోయి, ట్యాంకు నుంచి ఇంజనుకూ ఇంజను నుంచి ట్యాంకుకూ తిరిగే ఏర్పాటు వచ్చింది. 1937లో జో పెట్రాలి దీంతోనే డేటోనా సముద్రపు ఒడ్డున గంటకు 136 మైళ్లు తోలాడు.

దానికి "నకిల్‌హెడ్" అని పేరు పెట్టింది కంపెనీ కాదు, జనం. రాకర్ల మూత మీద నట్లు, పిడికిలి బిగిస్తే పైకి తేలే కణుపుల్లా వుంటాయి గనక. 1948లో తలలు అల్యూమినియంతో చేశారు, వేడి త్వరగా పోవడానికి. మూత బోర్లించిన మూకుడులా వుంటే "పాన్‌హెడ్" అన్నారు. 1966లో వచ్చిన మూత బొగ్గు పారలా వుంటే "షావెల్‌హెడ్" అన్నారు. వంటిల్లూ, పెరడూ, పిడికిలీ. షెడ్డుల్లో తిరిగే భాషంటే అదే మరి. మన మెకానిక్కులు "ఇంజను బోరుకొచ్చింది" అంటే ఎంత అర్థమవుతుందో, "సిలిండరు అరుగుదల అనుమతించిన పరిమితిని మించినది" అంటే అంత అర్థమవుతుందా? ఇంజనుకు జనం ముద్దుపేరు పెట్టారంటే, వాళ్లు దాని మూత విప్పి చూశారన్నమాట.

ఇంకొకటి గమనించండి. ప్రతిసారీ పైభాగమే మారింది. నకిల్‌హెడ్ అడుగుభాగం మీద పాన్‌హెడ్ తలలు పెట్టారు, పాన్‌హెడ్ అడుగు మీద షావెల్‌హెడ్ తలలు పెట్టారు. తాతల నాటి మండువా ఇంటికి పెంకు తీసి డాబా వేసినట్టు. గోడల బలం తెలిసినవాడు చేసే పని ఇది. మెకానిక్కు కూడా నేర్చుకున్నదంతా మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

అరువు జవాబులు

పక్కవాడి పేపరు చూసి రాసిన సందర్భాలు కూడా ఈ చరిత్రలో వున్నాయి. యుద్ధంలో జర్మను సైన్యం బి.ఎం.డబ్ల్యు. బళ్లను చూసి అమెరికా సైన్యం అలాంటివే కావాలంది. హార్లీ 1942లో ఎక్స్.ఎ. అనే పేరుతో సిలిండర్లు ఇటొకటి అటొకటి పడుకున్న బండి, గొలుసు బదులు షాఫ్టుతో, చేసిచ్చింది. ఇండియన్ 841 అనే పేరుతో 90 డిగ్రీల వి-ట్విన్‌ను చట్రానికి అడ్డంగా పెట్టి చేసిచ్చింది. రెండూ ఇంజనీరింగు పరంగా మంచి బళ్లే. ఒక్కొక్కటి వెయ్యి దాకా తయారయ్యాయి, అంతే. ఈలోగా జీపు వచ్చి ఆ ప్రశ్ననే చెరిపేసింది.

ఇండియన్ కథ ఇంకా విషాదం. యుద్ధం తరువాత బ్రిటిషు బళ్లు తేలికగా, నాజూకుగా వున్నాయని 1949లో తనూ వాటి బాణీలో చిన్న ఇంజన్లు, నిలువు సిలిండర్లతో, తయారుచేసింది. వాటిలో లోపాలు బయటపడ్డాయి. సరిగ్గా ఆ ఏడు సెప్టెంబరులోనే బ్రిటన్ తన పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80కి తగ్గించింది. అసలు బ్రిటిషు బళ్లే అమెరికాలో చవగ్గా దొరుకుతుంటే వాటి నకలు ఎవరు కొంటారు? 1953లో స్ప్రింగ్‌ఫీల్డులో ఇండియన్ తయారీ ఆగిపోయింది. 2011లో పొలారిస్ కంపెనీ ఆ పేరు కొనుక్కుని మళ్లీ నిలబెట్టింది గాని, అది వేరే అధ్యాయం. కంపెనీ కూలడానికి నకలు ఒక్కటే కారణమని నేననను. కాని తన రోడ్డు చూసి గీసిన ఫ్రాంక్లిన్ బళ్లు బతికించిన కంపెనీని, పక్కవాడి రోడ్డు చూసి గీసిన బళ్లు బతికించలేకపోయాయి.

అయితే పాతదే బంగారమా?

ఇంతవరకూ చదివి, "అంటే పాతదే బంగారమంటావా నాయనా" అని మీరడగవచ్చు. అదే అయితే ఈ వ్యాసం నేను రాయనే రాయను. ప్రశ్న మారినప్పుడు పాత జవాబే వల్లించినవాడి గతి కూడా ఈ చరిత్రలోనే వుంది.

1969లో రెండు సంగతులు జరిగాయి. హోండా సి.బి. 750 దింపింది. నాలుగు సిలిండర్లు, ఓవర్‌హెడ్ క్యామ్‌షాఫ్టు, బటను నొక్కితే స్టార్టు, ముందు డిస్కు బ్రేకు, 736 సి.సి.లతో 67 అశ్వశక్తి. అదే ఏడు హార్లీ కంపెనీ ఎ.ఎం.ఎఫ్. అనే సంస్థ చేతుల్లోకి పోయింది. రోడ్లు మారిపోయాయి, పెట్రోలు బాగుపడింది, కొనేవాడు రైతు కాదు. ఎ.ఎం.ఎఫ్. హయాంలో ఉత్పత్తి పెరిగింది, నాణ్యత పడిపోయింది. షావెల్‌హెడ్ బండి ఆగిన చోటల్లా నేలమీద ఆయిలు మరక అనే చెడ్డపేరు వచ్చింది. అప్పుడు కూడా "మా బండి ఇంతే" అని మురిసిపోయినవాళ్లున్నారు. ఏబ్బై ఏళ్ల కిందటి రైతు కోసం ఇచ్చిన జవాబును 1975 నాటి పట్నవాసికి ఇస్తే ఎలా?

1981లో కంపెనీ మేనేజర్లు 13 మంది అప్పుచేసి కంపెనీని తిరిగి కొనుక్కున్నారు. 1983లో రీగన్ ప్రభుత్వం 700 సి.సి. పైబడిన దిగుమతి బళ్ల మీద, మామూలు సుంకానికి తోడు మొదటి ఏడు 45 శాతం అదనంగా విధించింది. కోణం 45, ఇంజను 45, సుంకం కూడా 45. ఈ కంపెనీకి ఆ అంకె అచ్చొచ్చినట్టుంది! ఈ సుంకమే కంపెనీని కాపాడిందని కొందరంటారు. వూపిరి తీసుకునే టైమిచ్చింది, నిజమే. కాని సుంకం గోడ కట్టగలదు, కారే ఇంజనుకు గాస్కెట్టు వెయ్యలేదు. ఆ పని వాళ్లే చేసుకోవలసి వచ్చింది. ఎలా చేశారు? ఒహాయో రాష్ట్రంలో హోండా కట్టిన ఫ్యాక్టరీకి వెళ్లి చూశారు. సామాను గుట్టలు పోసి నిలవ వుంచకుండా కావలసినప్పుడు కావలసినంతే తెప్పించుకోవడం, కొలతల్లో తేడాను పని జరిగే చోటే పట్టుకోవడం, పనివాడి మాట వినడం నేర్చుకున్నారు. 1984లో ఎవల్యూషన్ ఇంజను వచ్చింది. సిలిండర్లు ఇనుము పోయి అల్యూమినియమయ్యాయి, ఆయిలు కారడం తగ్గింది. కోణం మాత్రం అదే 45, క్రాంక్‌పిన్ను అదే ఒకటి. పోర్షె వారితో కలిసి గీయించిన నీటితో చల్లబరిచే నాలుగు సిలిండర్ల నోవా ఇంజనును అటకెక్కించి మరీ దీన్ని ఎంచుకున్నారు. అయిదేళ్ల సుంకాన్ని గడువుకు ముందే తీసేయండి, మాకిక అక్కర్లేదు అని 1987లో వాళ్లే అడిగారు.

నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. హోండా ఇంజనును కాపీ కొట్టలేదు, హోండా పనిచేసే పద్ధతిని నేర్చుకున్నారు. పక్కవాడి దగ్గర జవాబు తీసుకుంటే కాపీ, పద్ధతి తీసుకుంటే చదువు.

ఆ తరువాత వాళ్లు మళ్లీ దారి తప్పారని నా అనుమానం. 1994లో తమ ఇంజను చప్పుడును ట్రేడ్‌మార్కుగా నమోదు చెయ్యమని దరఖాస్తు పెట్టారు. మిగతా కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. 2000లో దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. ఇరుకు చట్రం వల్ల కొసరుగా వచ్చిన చప్పుడే అసలు సరుకైపోయింది. జవాబును ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే దానికి దండ వెయ్యగలం గాని, దానితో బండి నడపలేం.

మన రోడ్డు మీదికి

ఈ బళ్లకూ మనకూ సంబంధం లేకపోలేదు. యుద్ధం తరువాత ఇక్కడ మిగిలిపోయిన సైన్యపు హార్లీలను ఢిల్లీ మెకానిక్కులు మూడు చక్రాల ప్రయాణికుల బళ్లుగా మార్చి, "ఫట్‌ఫటి" అని పేరుపెట్టి 1990ల చివరిదాకా నడిపారు. వాళ్లకు కావలసింది వేగం కాదు, జనాన్ని కుక్కినా కదిలే లాగుడు. పొడుగు స్ట్రోకు ఇంజనును అంత చక్కగా అర్థం చేసుకున్నవాళ్లకు ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు.

2007లో మన మామిడిపళ్లను అమెరికా రానిచ్చింది, వాళ్ల పెద్ద మోటారు సైకిళ్లను మనం రానిచ్చాం. మామిడిపండు ఇచ్చి ఇంజను తీసుకున్నామన్నమాట! 2009లో హార్లీ ఇక్కడ దుకాణం తెరిచింది, తరువాత హర్యానాలోని బావల్‌లో బళ్లు బిగించింది. 2020లో ఆ ఫ్యాక్టరీ మూసేసి, అమ్మకాలు హీరో కంపెనీకి అప్పజెప్పింది. 2023లో ఆ ఇద్దరూ కలిసి ఎక్స్440 అనే బండి దించారు. ఎన్ని సిలిండర్లనుకున్నారు? ఒక్కటే! వి-ట్విన్‌ను దేవుడిలా కొలిచే కంపెనీ మన రోడ్డు, మన జేబు, మన మైలేజీ లెక్క చూసి, 1903లో మొదలైన చోటికే, ఒంటి సిలిండరుకే వచ్చింది. రోడ్డు ముందు ఏ సంప్రదాయమైనా తల వంచాల్సిందే.

ఇప్పుడు ప్రశ్నపత్రం మళ్లీ మారుతోంది. బాటరీ బళ్లు వీధుల నిండా వచ్చాయి. సిలిండరు లేదు, వాల్వు లేదు, డుగ్గు డుగ్గు లేదు. మంచిదే. పొగ తగ్గితే ఎవరికి చేదు? కాని నా ప్రశ్న వేరు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీల ఎండ కాస్తుంది. ఆ ఎండలో నిలబెట్టిన బాటరీ సంగతి ఏమిటి? మండల కేంద్రంలో చెట్టు కింద షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు ఆ బండి మూత విప్పగలడా? విప్పితే అతనికేమైనా కనిపిస్తుందా, లేక జిగురు పోసి మూసేసిన నల్లడబ్బా కనిపిస్తుందా? అమెరికా రైతుకు మూత ఎత్తితే ఇంజను మొత్తం కనిపించే హక్కు వందేళ్ల కిందట వుండేది. మన రైతుకు ఇప్పుడు అది వుండాలా వద్దా? మిల్వాకీ వాళ్ల 45 డిగ్రీల సంగతి మిల్వాకీ వాళ్లు చూసుకున్నారు. మన 45 డిగ్రీల సంగతి ఎవరు చూస్తారు?

మనమే చూడాలి. మనం అంటే, మెకానికల్ సీటు తెచ్చుకుని, చివరి సంవత్సరం వచ్చేసరికి క్యాంపస్ సెలక్షన్ల కోసం కోడింగు నేర్చుకుంటున్న మనం. అది తప్పని నేననను, కడుపు అందరికీ వుంది. కాని నాలుగేళ్లలో ఒక్కసారైనా ఒక ఇంజను విప్పి, బిగించి, స్టార్టు చెయ్యకుండా బయటికి వెళ్లేవాడు రేపు ఏ ప్రశ్న అడగగలడు? మన లాబులో అడ్డంగా కోసి ఎర్రరంగు, పసుపురంగు పూసిన ఇంజను ఒకటుంది. దాన్ని చూసి బొమ్మ వేయవచ్చు. దానికి ఆయిలు కారదు, మసి పట్టదు, అది ఎన్నడూ మొరాయించదు. మొరాయించని ఇంజను దగ్గర నేర్చుకునేది చాలా తక్కువ.

అంచేత యూనియనుకు నా మనవి ఒకటుంది. ఏటా వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక పాత మోటారు సైకిలు, ఒక పాత బాటరీ స్కూటరు కొనండి. వర్క్‌షాపులో పెట్టి ప్రతి బ్యాచీ చేతా విప్పించి బిగించండి. ముఖ్య అతిథిగా మంత్రులను, అధికారులను పిలుస్తూనే వున్నారు, వద్దనను. ఒక్క ఏడాది ఆటోనగర్ నుంచో, మన కాలేజీ గేటు ఎదుటి షెడ్డు నుంచో ఒక మెకానిక్కును పిలిచి, వేదిక మీద కాదు, వర్క్‌షాపులో ఒక పూట మాట్లాడించండి. బండి దగ్గరికి రాగానే అతను అడిగే మొదటి మాట "ఎక్కడ తిరిగే బండి ఇది?" అని. చార్లెస్ ఫ్రాంక్లిన్ అడిగిన ప్రశ్న కూడా అదే అయివుంటుందని నా నమ్మకం.